పైడమ్మ వేసిన రెండు ఎరలు

ఒకానొక రాజ్యంలో ఎనిమిది రోజులుగా ఎవరి ఇంటా చేపలకూర ఉడకలేదు. చెరువులో చేపలు లేక కాదు, రాజుగారికి ఒక్కటీ పడక.

ఆ రాజు పేరు ఉద్దండవర్మ. తాను గాలం వేస్తే చేపలు వరస కట్టి వస్తాయని నిండు సభలో అన్నాడు. అని ఊరుకోలేదు. తనకు చేప పడేదాకా పెద్దచెరువులో ఇంకెవరి వలా, ఎవరి గాలమూ దిగకూడదని చాటింపు వేయించాడు.

"రాజు కూర్చోవలసింది నడిమధ్యన. ఎర కూడా రాజుకు తగ్గదే ఉండాలి, అంటే పాలకోవా" అని ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి శాస్త్రం చెప్పాడు.

అలాగే నడిచెరువులో పడవ నిలిపారు. గట్టు మీద సన్నాయి మేళం. కోవా రెండు నిలువుల లోతుకు దిగేలోపే కరిగిపోయేది. రాజు ఉత్త గాలం పైకి లాగి, "ఈ చెరువులో చేపలకు మర్యాద తెలియదు" అనేవాడు.

చెరువును నమ్ముకున్న జాలరి గూడెంలో నలభై ఇళ్లు. అందరి వలలూ ఎండుతున్నాయి. గంజి పలచబడింది. గూడేనికి పెద్దదిక్కు పైడమ్మ. ఆమె రోజూ గట్టున కూర్చుని గాలాన్ని కాదు, రాజును చూసేది. ఎండెక్కింది, కోటకు వెళదామని మంత్రి గట్టు మీంచి కేకేస్తే రాజు మరో రెండు గడియలు కూర్చున్నాడు. ఫలహారాలకు గట్టుకు వచ్చినప్పుడు మంత్రి ఒక అరటిపండు మీదకు చేయి చాస్తే, రాజు తన చేతిలోని సగం పండు పారేసి దాన్నే అందుకున్నాడు.

పైడమ్మకు చాలినంత తెలిసింది.

మర్నాడు తెల్లవారుతూనే తవుడూ తెలకపిండీ కలిపి ముద్దలు చేసి, వాగు వచ్చి చెరువులో కలిసే మూల, తుంగ పక్కన వేసింది. అక్కడ నీళ్లు ఛాతీ లోతు. వాగు తెచ్చే మేత కోసం చేపలు తిరిగే చోటు అదే.

కాపలా భటుడు పరుగెత్తుకొచ్చాడు. "ఏమే ముసలీ, చాటింపు వినలేదా?"

"విన్నాను నాయనా. పట్టొద్దన్నారు. అన్నం పెట్టొద్దన్నారా?"

భటుడు చాటింపంతా మనసులో అప్పజెప్పుకున్నాడు. అందులో అన్నం మాట లేదు. వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు అదే వేళకు, అదే చోట ముద్దలు పడ్డాయి. నాలుగో రోజు ముద్ద నీళ్లను తాకకముందే తుంగ కదిలింది. ఆ మధ్యాహ్నం రాజు గట్టుకు రాగానే పైడమ్మ వెళ్లి దణ్ణం పెట్టింది.

"దొరా, చెరువంతా మీరే ఏలుకోండి. ఆ వాగు మూల ఒక్కటి మాకు వదిలెయ్యండి."

"అక్కడేముంది?"

"ఏముంటుంది దొరా, బురద. మీరు కూర్చునే చోటా అది?"

"బురద కోసం ఇంత దూరం వచ్చావా?"

"పోనీండి, వద్దులెండి. అడగడమే నా తప్పు." పైడమ్మ గబగబా వెనక్కు తిరిగింది.

"ఆగు!" అన్నాడు రాజు. "శాస్త్రీ, రేపు తెల్లవారేసరికి నా పీట ఆ మూల వేయించండి."

"ప్రభూ, శాస్త్రం ప్రకారం..."

"శాస్త్రం నడిమధ్యనే ఉండనీయండి. నేను మూలకు వెళతాను."

మూల ఇరుకు కావడంతో సన్నాయి మేళానికి చోటు దొరకలేదు. అదీ మేలే అయింది. కోవా నీళ్లను తాకింది. కరిగే వ్యవధి లేకపోయింది. కర్ర విల్లులా వంగింది. రాజు బురదలోకి జారి, లేచి, మళ్లీ జారి, ఆరు వీశెల బొచ్చె చేపను రెండు చేతులా గట్టుకు లాగాడు.

"చూశారా! వరస కట్టి వచ్చాయి! చాటింపు రద్దు!"

"నాలుగు రోజులు అన్నం పెట్టింది కదా ప్రభూ, ఆ ముసలమ్మ" అన్నాడు భటుడు, సంతోషంలో నోరు జారి.

రాజు ముఖం మారింది. చుట్టూ చేరిన గూడెం జనం భుజానికెత్తుకున్న వలలు మళ్లీ కిందికి దించారు. రద్దు చేసిన నోరే మళ్లీ చాటింపు వేయించవచ్చు.

"మేత వేసింది నువ్వా?"

"నేనే దొరా" అంది పైడమ్మ.

"నేనిక్కడికే వస్తానని నీకెలా తెలుసు?"

"గాలం వేసేవాళ్లం దొరా. ఎరను చేప నోటి మీద పడేస్తే బెదిరిపోతుంది. జానెడు ఎడంగా వేయాలి. అది చూసిందనగానే కాస్త వెనక్కు లాగాలి. అప్పుడు ఎంత పెద్ద చేపైనా ఆగదు."

శాస్త్రి కళ్లు మూసుకున్నాడు. రాజు నిన్నటి మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకున్నాడు. తర్వాత, గాలం ఇంకా ఉందేమోనన్నట్టు పెదవి చివర వేలితో తడుముకున్నాడు. అంతలో నవ్వు మొదలైంది. అలా నవ్వుతూ బురదలోనే కూలబడ్డాడు.

"ఏం కావాలో కోరుకో!"

"ఇకముందు ఏ రాజు పంతం కోసమూ మా వలలు ఎండకూడదు దొరా. రాసివ్వండి."

రాజు కళ్లు చికిలించాడు. "ఇదీ ఎరేనా?"

"కాదు దొరా. ఇది ఉత్త అడగడమే."

రాజు మళ్లీ నవ్వి, రాగిరేకు తెప్పించి అక్కడికక్కడే రాయించాడు. తన పట్టుశాలువా పైడమ్మకు కప్పాడు. కాళ్ల బురద ఆరేదాకా గట్టునే కూర్చుని, జానెడు ఎడమంటే సరిగ్గా ఎంతో చేత్తో చూపించమని ఆమెను అడుగుతూనే ఉన్నాడు.