రాజుగారికి మూట కట్టిన పోలన్న

రండి, దగ్గరగా కూర్చోండి. ముందొచ్చినవాళ్ళు కాస్త జరగండి నాయనా, వెనకొచ్చినవాళ్ళకీ చోటవుతుంది. అదీ. నరసింహస్వామి మిమ్మల్ని చల్లగా చూడాలి. ఇక చెవులు ఇటివ్వండి.

మల్లెకొండ పట్నాన్ని ఓబళరాజు ఏలే రోజుల్లో, ఒకనాడు ఆయన పల్లకి అంగడి వీధిలో ఇరుక్కుపోయింది. ముందు నూలు బళ్ళు, వెనక నూలు బళ్ళు. బోయీలు గొంతు చించుకున్నా ఒక్క ఎద్దూ కదల్లేదు. తప్పుకుందామన్నా చోటుంటే గదా. రాజుగారు కోటకు చేరేసరికి అన్నం చల్లారిపోయింది. ఆకలి మీదున్న రాజుకు కోపం రావడానికి ఇంకో కారణం కావాలా?

"ఇంత జనం ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారయ్యా?" అన్నాడు కొలువులో కూర్చుంటూనే.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు పాతపేట పెద్ద అహోబలయ్య లేచాడు. పట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు.

"కరువు సీమ నుంచి మగ్గాలు మోసుకొచ్చిన నేతగాళ్ళు, మహాప్రభో. కొత్తపేట నిండా వాళ్ళే. బావికెళ్తే వాళ్ళ బిందెలే ముందు. అద్దెలు చూస్తే మా పిల్లలకే ఇళ్ళు దొరకడం లేదు. ఈ ఊరివాళ్ళు కానివాళ్ళను ఏరు దాటించండి."

కొలువు చివర నలుగురు నేతగాళ్ళతో నిలబడ్డ సుంకులమ్మ అనే ముసలమ్మ ముందుకొచ్చి దండం పెట్టింది.

"సామీ, కరువులో ఒకసారి మగ్గం విప్పినాను. ఇంకోసారి విప్పితే బిగించే సత్తువ నాకు లేదు. వానల్లో ఏటి అవతల ఏ చెట్టు కింద నేసేది?"

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే పోలన్న చేతిలో ఆకు ఆగిపోయింది. అతని మనసు ఊరుకోలేదు.

"ఏలినవారూ, ఆకు ఒక ఊరిది, వక్క ఒక ఊరిది, సున్నం ఇంకో ఊరిది. నోట్లో పడ్డాక ఆ ఎరుపు ఏ ఊరిదంటాం?"

అహోబలయ్య తాపీగా మీసం దువ్వాడు. "నమిలాక ఉమ్మేస్తాం గదా పోలన్నా. మేం అడిగేదీ అదే."

కొలువంతా గొల్లుమంది. పోలన్న చెవులు అతని తాంబూలంకన్నా ఎర్రబడ్డాయి. 'తండ్రీ నరసింహా, నోరిచ్చినవాడివి, అందులోకి ఒక మాట కూడా వెయ్యి' అని లోపల్లోపల మొక్కుకున్నాడు.

స్వామి విన్నాడు. పోలన్న పెదవి చివర నవ్వు మొలిచింది.

"సరే, ఏలినవారూ. ఎవరు ఈ ఊరివాళ్ళో ఎవరు కాదో ఇప్పుడే తేలుద్దాం. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. అహోబలయ్యగారు తమరి ఎదుట నిలబడి ఊరి గురించి నాలుగు మాటలు చెబితే చాలు, వారి నోటే తేలిపోతుంది."

"తేలకపోతే?" అన్నాడు అహోబలయ్య.

"నేనూ సుంకులమ్మ మగ్గం మోసుకుంటూ ఏరు దాటుతాను."

"తేలితే మాత్రం కానివాళ్ళు వెళ్ళాల్సిందే. ఎంతటివారైనా సరే."

"ఎంతటివారైనా సరే," అని మాటిచ్చాడు రాజు.

అహోబలయ్య గొంతు సవరించుకున్నాడు. ఉపన్యాసమంటే ఆయనకు పాయసం. "మహాప్రభో, మా ఊరంటే ఏమనుకున్నారు? మా వీధులు అద్దాలు. మా బావి నీళ్ళు అమృతం. మా కోటగోడ చూసి ఏనుగులే వెనక్కి తిరిగేవి..."

ఆయనలా సాగుతుంటే పోలన్న ఒక దుప్పటి పరిచాడు. అందులో రాజుగారి పావుకోళ్ళు పెట్టాడు. గొడుగు మడిచి పెట్టాడు. విసనకర్ర పెట్టాడు. చివరికి సింహాసనం దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఏలినవారు ఒక్కసారి లేస్తే, ఆ దిండు కూడా సర్దేస్తాను."

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు రాజు.

"మూట కడుతున్నానండీ."

"ఎవరి మూట?"

"తమదే. ఏరు దాటాలి గదా."

పోలన్న అహోబలయ్య వైపు తిరిగాడు. "అయ్యా, తమరు నాతో ఇంటావిడ గురించి చెప్పేటప్పుడు ఏమంటారు?"

"మా ఆవిడ అంటాను. అదేం ప్రశ్న?"

"మన ఆవిడ అనరేం?"

వెనకెవరో కిసుక్కుమన్నారు. అహోబలయ్య మొహం జేగురించింది. "వినేవాడికి అందులో వాటా లేదు గనక."

పోలన్న రాజుకు వంగి దండం పెట్టాడు.

"విన్నారా, ఏలినవారూ? ఇంతసేపూ వారు తమరి మొహాన 'మా ఊరు' అంటున్నారు."

రాజు కళ్ళు పెద్దవయ్యాయి.

"వారిదీ సబబే," అని పోలన్న అందుకున్నాడు. "తమరి తాతగారు తూర్పు కొండల నుంచి వచ్చినవారే. కాకపోతే వారు గుర్రమెక్కి వచ్చారు, సుంకులమ్మ ఎద్దుబండెక్కి వచ్చింది."

అహోబలయ్య గబగబా చేతులు జోడించాడు. "అపచారం మహాప్రభో, నోరు జారింది. మన ఊరు. ముమ్మాటికీ మన ఊరే."

పోలన్న కొలువు చివరికి చూశాడు. "అవ్వా, నీకు వినబడిందా?"

"చెవుడు నాకెందుకుంటుంది నాయనా? మన ఊరన్నాడు."

"నిన్నెవరన్నారు?" అని అహోబలయ్య కసిరాడు.

"మన అన్నాక, విన్నవాళ్ళందరిదీనయ్యా. తమరే చెప్పారు గదా, వాటా సంగతి," అన్నాడు పోలన్న.

'మా' అంటే రాజుగారు పోవాలి, 'మన' అంటే సుంకులమ్మ ఉండాలి. రాజుగారు తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వుతో కొలువంతా నవ్వింది.

"నేతగాళ్ళు ఇక్కడే ఉంటారు. కానీ ఇరుకు మాత్రం నిజమే అహోబలయ్యా. బళ్ళకు ఊరి వెలుపల బాట వేయిద్దాం, రెండు పేటలవాళ్ళూ కలిసి ఇంకో బావి తవ్వండి. పెద్దరికం నీదే."

"చిత్తం. మా బావి... మన బావి, మహాప్రభో."

రాజు మెళ్ళోంచి ముత్యాల హారం తీశాడు. "ఇదిగో పోలన్నా, మా హారం."

పోలన్న చెయ్యి చాచలేదు.

"సరేరా, మన హారం."

అప్పటికీ చాచలేదు.

"నీ హారంరా, దొంగా!"

అప్పుడు చాచాడు.

అదీ నాయనలారా. ఇందాక మీరు జరిగి చోటిచ్చారే, అది మరచిపోకండి. మీ వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎదురైతే, అలాగే కాస్త జరిగి, పోలన్నను తలచుకుని, వాళ్ళతో 'మన వీధి' అనండి. ఆ మాట ఇంకొకరి చేత కూడా అనిపించండి. స్వామి వింటూనే ఉంటాడు.