ఎద్దు వదులుకున్న తెరచాప

గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడచెట్ల మధ్య ఒక చిన్న లంక ఉండేది. ఏటేటా సముద్రం దాన్ని కొంచెం కొంచెంగా కోసుకుపోతోంది. ఆ ఏడు ఉప్పెన వచ్చిపోయాక, ఉన్న ఒక్క మంచినీటి మడుగూ ఉప్పుకసం అయిపోయింది. ఇక మిగిలినవి వాననీళ్ళు నిండిన నాలుగు పీపాలు. వానలు ఆగి అవి అయిపోతే లంకలో బతుకు లేదు.

ఆ ఉప్పెనే రెండు పడవల్ని తెచ్చి ఇసుకలో పడేసింది. ఒకటి తెల్లటి ఇంజను పడవ. దాన్ని ముందుగా చూసిన నక్క గవరయ్య "ఇది నాది" అని ఎక్కి కూర్చున్నాడు. రెండోది చిరిగిన తెరచాపతో ఉన్న పాత నావ. దాన్ని ఎవరూ అడగలేదు. ఎద్దు వీరాసామి దాన్ని ఒడ్డుకు ఈడ్చుకొచ్చి, నెల రోజులు కష్టపడి బాగుచేశాడు. తాళ్ళు తాను లాగితే, కోతి అప్పన్న తెరచాపకు అతుకులు వేశాడు. మేక పోలమ్మ నిండు చూలాలు. అయినా నారలు నమిలి మెత్తచేసి అందించింది.

ఎటు పోవాలో చెప్పింది ముసలి సముద్రపు తాబేలు నాంచారమ్మ.

"తూర్పుగా ఆరువందల మైళ్ళు పోతే ఒక దీవి ఉంది నాయనా. కొండ మీంచి మంచినీటి ఊట దిగుతుంది. గాలి ఇలాగే ఉంటే నీ నావకు పన్నెండు రోజులు. నేను ముందు ఈదుతూ దారి చూపిస్తాను."

బయల్దేరే రోజు పొద్దున్నే గవరయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు.

"పన్నెండు రోజులా బావా? పోలమ్మను చూశావా? ఇవాళో రేపో అన్నట్టుంది. నడిసముద్రంలో ఈనితే తల్లికి గుక్కెడు నీళ్ళు ఎవరిస్తారు?"

వారం రోజులుగా వీరాసామికీ అదే దిగులు.

"నా పడవ తీసుకో. మూడు రోజుల్లో దీవి మీద ఉంటారు. నీ నావ నాకియ్యి."

"అంత మంచి పడవ నువ్వెందుకు వదులుకుంటున్నావు గవరయ్యా?"

"నేనూ మా ఆడదీ, ఇద్దరమే. మాకేం తొందర? పైగా ఆ ఇంజను మోత నా చెవులకు పడదు."

అప్పన్న అప్పటికే ఇంజను పడవ ఎక్కి చక్రం తిప్పుతున్నాడు. "వీరన్నా, దీని ముందు మన నావ నత్తగుల్లే!" అని అరిచాడు.

నాంచారమ్మ నీళ్ళలోంచి తల ఎత్తింది. "నాయనా, గాలి ఎవరూ పోసేది కాదు. ఆ పడవకు మాత్రం నూనె కావాలి. ఎంత దూరం వస్తుందో అడిగావా?"

"ఎనిమిది డ్రమ్ములు అమ్మమ్మా!" అన్నాడు నక్క నొచ్చుకున్నట్టు. "మూతలు తీసి చూసుకోమనండి."

వీరాసామి ఒక్కో డ్రమ్ము దగ్గరా ముక్కు పెట్టి వాసన చూశాడు. అన్నిట్లోనూ ఘాటుగా డీజిలు వాసన. అప్పన్న వేలు ముంచి చూశాడు. నూనే.

"అన్నయ్యా, నీ ఇష్టం. పన్నెండు రోజులైనా నేను ఓర్చుకుంటాను" అంది పోలమ్మ. కాని మాట్లాడుతుంటేనే ఆమెకు ఆయాసం వస్తోంది. అది చూసి వీరాసామి తల ఊపేశాడు.

"మూడు రోజులకు మీకు ఒక్క పీపా నీళ్ళు చాలవూ? మాది దూరాభారం, మూడు మాకుండనియ్యి" అన్నాడు గవరయ్య. అదీ న్యాయంగానే వినిపించింది.

"నీ వేగం నేను అందుకోలేను నాయనా. నావకు దారి చూపుతూ వెనక వస్తాను. సగం వేగంతో పోనియ్యి, నూనె ఎక్కువ దూరం వస్తుంది" అంది నాంచారమ్మ. అప్పటికే ఇంజను మొదలైంది. ఆ మోతలో ఆమె మాట ఎవరికీ వినపడలేదు.

మొదటి రోజు పండగలా గడిచింది. అప్పన్న బండి పగ్గం వదిలేసినట్టు పూర్తి వేగంతో నడిపాడు. మర్నాడు మధ్యాహ్నానికి నాలుగు డ్రమ్ములు ఖాళీ అయ్యాయి. అయిదోది పోశాడు. ఇంజను దగ్గింది, వణికింది, ఆగిపోయింది.

అప్పన్న గొట్టం ఊడదీసి నాలిక మీద ఒక చుక్క వేసుకున్నాడు.

"వీరన్నా, ఇది ఉప్పునీళ్ళు."

మిగిలిన డ్రమ్ములు ఒరిగించి చూశారు. నూనె నీటి మీద తేలుతుంది కదా. అడుగు నుంచి మెడదాకా సముద్రపు నీళ్ళు నింపి, పైన జానెడు నూనె పోశాడు గవరయ్య. ఆ పడవ దీవిదాకా రాదని వాడికి ముందే తెలుసు.

ఇంజను లేని పడవ అలలకు అడ్డంగా తిరిగి అటూ ఇటూ దొర్లసాగింది. గాలి బాగా వీస్తోంది. దాన్ని పట్టుకోవడానికి వాళ్ళ దగ్గర గుడ్డముక్క కూడా లేదు.

"నేనే వేగం వేగం అన్నాను" అన్నాడు అప్పన్న.

"ఒప్పుకున్నది నేను" అన్నాడు వీరాసామి. ఆ రోజు నుంచి అతను తన వంతు నీళ్ళు పోలమ్మకే పోశాడు.

ఆరో రోజు పొద్దున దూరంగా తెరచాప కనిపించింది. దాని ముందు నాంచారమ్మ ఈదుతోంది. నావ దగ్గరికి వచ్చాక వీరాసామి గొంతు చించుకున్నాడు.

"గవరయ్యా! తాడు విసురు!"

"తెరచాప కదా బావా, గాలి ఎటు తోస్తే అటే! ఆపడం నాకు చేతకాదు!"

"ఒక్క పీపా నీళ్ళైనా తోసెయ్యి! పోలమ్మను చూడు!"

"ఇంకా చాలా దూరం ఉంది. మాకే చాలవు" అన్నాడు నక్క. తరవాత నాంచారమ్మతో "అమ్మమ్మా, నడవండి" అన్నాడు.

"నీకు దారి చూపినందుకు నా కళ్ళు పోనీ" అని ఆమె ఇంజను పడవ వైపు తిరిగింది. అప్పటికి నక్కకు దిక్కు తెలిసిపోయింది. తెరచాప చిన్నదై, చుక్కై, కనపడకుండా పోయింది.

నాంచారమ్మ పడవ తాడు నోట కరిచి లాగింది. మధ్యాహ్నందాకా లాగింది. నోరు చీలి రక్తం వచ్చింది కాని పడవ కదల్లేదు.

"వదిలెయ్యి అమ్మమ్మా" అన్నాడు వీరాసామి.

మర్నాడు పోలమ్మ ఈనింది. పిల్లను నాకి నాకి నిలబెట్టాలని చూసింది. అది నిలబడలేదు. పీపాలో నీళ్ళు ఆ రోజుతో ఆఖరు. దాహం ఆపుకోలేక అప్పన్న సముద్రపు నీళ్ళు తాగాడు. మతి తప్పి, "అదిగో ఊట, అదిగో ఊట" అంటూ సముద్రంలోకి దూకేశాడు. నాంచారమ్మ వెతికింది. దొరకలేదు.

తొమ్మిదో రోజు ఎండకు పడవ అంచులు కాలుతున్నాయి. వీరాసామి పోలమ్మ మీద నీడ పడేలా నిలబడ్డాడు. ఒక్కసారీ కూర్చోలేదు.

"అన్నయ్యా, ఇంకెంత దూరం?"

పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడని ఎద్దు "దగ్గరే తల్లీ. గడ్డి వాసన వస్తోంది, చూడు" అన్నాడు.

ఆమె ముక్కు ఒకసారి పైకెత్తి, నెమ్మదిగా తల వాల్చేసింది. తరవాత కూడా అతను చాలాసేపు అలాగే నిలబడ్డాడు. మర్నాడు అతనూ పడిపోయాడు.

నాంచారమ్మ ఒంటరిగా దీవి చేరేసరికి గవరయ్య ఊట పక్కన ఒళ్ళు ఆరబెట్టుకుంటున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. వాడు విని ఆవలించాడు.

"నేనేమైనా బలవంతం చేశానా అమ్మమ్మా? మూతలు తీసి చూసుకోమన్నాను. చూసుకున్నాడు."

నీతి: త్వరగా చేరుస్తుందన్న పడవ ఎక్కేముందు, అది మధ్యలో ఆగిపోతే మన చేతిలో ఏం మిగులుతుందో చూసుకోవాలి.