ఆమా చెయ్యి ఊపింది

"నలుగురికీ మేలు చేసే పనికి ఒకరిని అడగడం దేనికి, స్వామీ?" అన్నాడు పేర్రాజు.

విమలబోధ స్వామివారికి ఒక అలవాటుంది. ప్రశ్న వేసినవాడికి టీ ఇస్తారు, జవాబివ్వరు. ఆ రోజూ అంతే. చిక్కటి టీ చేతికిచ్చి, "ఆమాని ఒక్కమాట అడిగితే నీ సొమ్మేం పోయింది?" అన్నారు.

ఆమా అంటే ఆ హిమాలయపు కొండల్లో అవ్వ. ఆశ్రమం గోడ పక్కనే, ఒక్క ఆవుతో ఉంటుంది. ఆవు నిండు చూడి. అది ఈనితేనే ఆవిడకి నాలుగు మెతుకులు, ఆశ్రమానికి పాలు.

స్వామివారి దగ్గరికొచ్చి ఉంటున్న పేర్రాజుది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మంచు అంటే తెల్లారుజామున గడ్డి మీద మెరిసేదే అనుకున్న మనిషి. చలికాలం దారి మూసుకుపోయి, జబ్బుపడ్డవాళ్ళని వీపుల మీద మోసుకుపోవడం చూసి వాడు ఊరుకోలేకపోయాడు. మంచి మనసే, ఎవరు కాదన్నారు! రోడ్డువాళ్ళు పారేసిన తారు పీపాలు నిలువునా చీల్చి, సాపు చేసి, అంచుకి లారీ కమాను పట్టా అతికి, మంచు తోసే పలక చేసి ఆశ్రమం ట్రాక్టరు ముందు బిగించాడు. ఎలా? మన చేలల్లో దమ్ము చేశాక చదునుకి కట్టే పలకలాగ, తిన్నగా, అడ్డంగా. పక్కకి పొర్లిన బురద నీళ్ళకి తనే సర్దుకుంటుంది కదా, మంచు మాత్రం నీళ్ళు కాదూ అన్నాడు. కాదని చెప్పగలిగేది ఆమా ఒక్కతే. ఆవిడని అడిగితేగా!

మాఘంలో దారి కనబడకుండా మంచు పడింది. పొద్దున్నే పేర్రాజు ఇంజను స్టార్టు చేస్తే కొండంతా మారుమోగిపోయింది. పలక ముందు మంచు గుట్టలా లేచి రెండు పక్కలకీ పొర్లింది. ఆమా గుమ్మంలోకి వచ్చి, చేతులెత్తి ఊపుతూ ఏదో అరిచింది; ఇంజను మోతలో వినబడలేదు. దీవిస్తోంది పిచ్చితల్లి అనుకున్నాడు. వాడి కళ్ళు చెమర్చాయి. స్టీరింగు వదిలి దండం కూడా పెట్టాడు. దారి తెరుచుకుంది. కింద బజారులో జనం భుజాలు తట్టి, వేడివేడి పకోడీలు పెట్టి, ఆ రాత్రికి కదలనివ్వలేదు.

మర్నాడు తిరిగొచ్చేసరికి గోడ పక్కన స్వామివారు గునపం పట్టుకుని నిలబడి ఉన్నారు. పండు ముసలి, అరచేతుల నిండా బొబ్బలు. పేర్రాజు తోసిన మంచు ఆవు కొట్టం తలుపుకి అడ్డంగా పడింది. పగలు ఎండకి కాస్త కరిగి, పొద్దు వాలగానే రాయిలా బిగుసుకుపోయింది. ఆ రాత్రే లోపల ఆవుకి నొప్పులొచ్చాయి. దూడ అడ్డం తిరిగింది. చెయ్యి పెట్టి సరిచేయవలసిన ఆమా ఇవతల మంచు తవ్వుతూ దాని అరుపులు విన్నది. ఇద్దరు ముసలివాళ్ళు ఎంతని తవ్వుతారు? తలుపు బయటపడేసరికి ఆవు మిగిలింది, దూడ మిగల్లేదు.

పేర్రాజు అక్కడే కూలబడి భోరుమన్నాడు. ఆమా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆవు గంగడోలు నిమురుతూ, "అటు తోయొద్దని చెయ్యి ఊపాను కదా, బిడ్డా" అంది.

దూడ లేని ఆవు చేపదు, పాలు దిగవు. ఆ చలికాలమంతా ఆశ్రమంలో నల్ల టీయే తాగారు. తిరిగొచ్చిన రోజు సాయంత్రం స్వామివారు బొబ్బల చేతులతో గ్లాసు అందిస్తే, పేర్రాజు దాన్ని కింద పెట్టేసి అడిగాడు.

"దారి వేయడం తప్పా, స్వామీ?"

"దారి మంచిదే. రేపు ఆమా కూడా దాని మీదే నడుస్తుంది." స్వామివారు కొట్టం వైపు చూసి అన్నారు: "దండం పెట్టేముందు ఇంజను ఆపాలి, నాయనా."