సన్నాయికి కట్టిన చక్కెర మూట

ఇటు తిరుగు చిట్టీ. దుప్పటి కప్పుకో. రేపు బడివాళ్ళతో జూకి వెళ్తున్నావు కదా, గ్లూకోజు పొట్లం సంచిలో పెట్టుకోనని అమ్మతో పేచీ పెట్టావట. సరేలే, నేనేమీ అనను. కథ చెబుతాను. ఊఁ కొట్టడం మరిచిపోకు.

అనగా అనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో కోటిలింగం అని ఒక సన్నాయి తాత ఉండేవాడు. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా ఆయనే సన్నాయి ఊదాలి. పక్కన డోలు వాయించేది ఆయన తమ్ముడు గవర్రాజు. ఇంట్లో ఆయన భార్య వెంకాయమ్మ.

సన్నాయికి ఊదే కొసన రెల్లుతో చేసిన చిన్న పీక ఉంటుంది. అది చీలిందంటే పాట ఆగిపోతుంది. అందుకని తాత మరికొన్ని పీకలు దారానికి గుచ్చి సన్నాయికే వేలాడదీసేవాడు. ఎవరైనా అడిగితే, "పెళ్ళి మధ్యలో పీక కోసం ఇంటికి పరిగెత్తలేం కదా బాబూ" అనేవాడు.

అలా ఉండగా తాతకు షుగరు జబ్బు వచ్చింది. కొన్నేళ్ళు మాత్రలు మింగాడు. ఆ తర్వాత మాత్రలు చాలక డాక్టరుగారు ఇన్సులిన్ రాశారు.

డాక్టరుగారి మాటకు రెండు సగాలున్నాయి. మొదటి సగం, "తీపి తగ్గించాలి, అన్నానికి ముందు సూది వేసుకోవాలి" అని. రెండో సగం, "సూది వేసుకుని తినడం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. అప్పుడు వెంటనే చక్కెరే తినాలి. అది ఎప్పుడూ దగ్గర ఉండాలి" అని.

మొదటి సగం వినగానే వెంకాయమ్మకు ఏడుపొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో సగం ఆమె చెవిలో పడలేదు. తాత కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన విన్నాడని ఆమె అనుకుంది, ఆమె వినే ఉంటుందని ఆయన అనుకున్నాడు. రెండో సగం ఆ గదిలోనే ఉండిపోయింది.

ఇంటికి రాగానే వెంకాయమ్మ బెల్లం కుండ పక్కింటికి ఇచ్చేసింది. ఆ తర్వాత చక్కెర డబ్బా ఎదురింటికి ఇచ్చేసింది. ఆ తర్వాత దేవుడి దగ్గరి అరటిపళ్ళు కూడా ఆవుకు పెట్టేసింది. అప్పుడు మరిదిని పిలిచి, చేతిలో చెయ్యి వేయించుకుంది.

"గవర్రాజూ, పెళ్ళిళ్ళలో మీ అన్నయ్య నోట్లో తీపి పడకుండా చూడాలి. ఆ భారం నీదే."

"నేనుండగా పడదు వదినా" అన్నాడు గవర్రాజు. అన్నకు ఎవరు బొబ్బట్టు పెట్టినా తనే తినేసేవాడు. డోలు కంటే అతని పొట్టే గుండ్రంగా తయారైంది. నవ్వకు, నవ్వితే ఊఁ కొట్టడం మరిచిపోతావు.

ఒకనాడు వంకాయలు కొంటూ కోటిలింగం ఊరికే కోపం తెచ్చుకున్నాడు. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. వెంకాయమ్మ దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసింది. అప్పుడే అన్నం ఉడికింది, ఆయన తిన్నాడు, తేరుకున్నాడు. దిష్టి పోయిందనుకున్నారు.

ఇంకోనాడు ఊరేగింపులో చాలా దూరం నడిచాక ఆయన చేతులు వణికాయి. చెరుకురసం అమ్మే ఆమె అది చూసి గ్లాసుడు రసం తాగించింది. కాసేపటికి వణుకు తగ్గింది. గవర్రాజు ఆలస్యంగా చూసుకుని, "మా అన్నకు షుగరుంది, విషం పోస్తావా!" అని ఆమె మీదికి వెళ్ళాడు. ఆ సంగతి విని, మా మరిది ఎంత మంచివాడో అని వెంకాయమ్మ మురిసిపోయింది.

మూడోసారి మాత్రం అంత సులువుగా పోలేదు తల్లీ. నా చెయ్యి పట్టుకో.

అది హైమ అనే అమ్మాయి పెళ్ళి. పట్టపగలు ముహూర్తం. విస్తళ్ళు వేస్తున్నారని చూసి, తనకూ ఒకటి వేస్తారనుకుని కోటిలింగం విడిదిలో సూది వేసుకున్నాడు. ఇలా పీట మీద కూర్చున్నాడో లేదో, "మగపెళ్ళివారు వచ్చేశారు, మేళం! మేళం!" అని కేకలు వినబడ్డాయి. ముద్ద నోట్లో పెట్టకుండానే లేచి వెళ్ళాడు. మేళంవాళ్ళు అందరికంటే చివర తినడం ఆ ఊరి అలవాటు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఎదుర్కోలు అయింది. ఆ తర్వాత గౌరీపూజ అయింది. ఆ తర్వాత పెళ్ళికొడుకును పీటల మీద కూర్చోబెట్టారు, హైమను తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు, మధ్యలో తెర పట్టుకున్నారు. సన్నాయి మోగుతూనే ఉంది. లోపల సూది మందు తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

అప్పుడు సన్నాయి ఒక్కసారి తప్పింది. గవర్రాజు తిరిగి చూశాడు. మళ్ళీ తప్పింది. తాత వేళ్ళు జారుతున్నాయి. పీక మారుస్తున్నాడనుకుంటే, ఆ పీకల దారాన్ని పట్టుకుని అలా చూస్తూ కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఏమైంది?"

"ఆవుకు... అరటిపళ్ళు..." అన్నాడు తాత. ముఖమంతా చెమట.

"తాగొచ్చాడ్రా ముసలాడు! ముహూర్తం నాడు కూడానా!" అని ఎవరో వెనక నుంచి అన్నారు.

ఆ మాట హైమకు వినబడింది. తెర పక్కనుంచి తొంగి చూసింది. ఆ చెమట ఆమెకు తెలుసు. ఆ చూపూ తెలుసు. ఎందుకంటే హైమ కూడా నీలాగే చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ వేసుకునే పిల్ల. పెళ్ళిచూపుల నాడే ఆ మాట పెళ్ళికొడుకుతో చెప్పింది. ఆ ఉదయం అందరూ ఉపవాసం అన్నా, వాళ్ళమ్మ భద్రావతి వినకుండా హైమకు ఇడ్లీలు తినిపించింది. చక్కెర చిన్న చిన్న మూటలు కట్టి ఒకటి హైమ నడుం దగ్గర, ఒకటి తన కొంగులో, ఒకటి చెల్లెలి చేతిసంచిలో పెట్టింది. "పెళ్ళి చేస్తున్నారా, కిరాణా కొట్టు పెడుతున్నారా?" అని చుట్టాలందరూ నవ్వారు.

హైమ లేచి నిలబడింది.

"పీటల మీద నుంచి లేవకూడదమ్మా!" అన్నాడు పంతులుగారు.

"లేస్తాను పంతులుగారూ. మళ్ళీ కూర్చుంటాను."

ఆమె నడుం దగ్గరి మూట తీసి విప్పింది. చక్కెరను చూసి గవర్రాజు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దు తల్లీ! అన్నకు షుగరు. మా వదినకు మాటిచ్చాను. నా ప్రాణం పోయినా తీపి తిననివ్వను!"

"బాబాయ్, పోయేది నీ ప్రాణం కాదు" అంది హైమ నెమ్మదిగా. "షుగరు పడిపోతోంది. ఇప్పుడు ఈ చక్కెరే మందు. రోజూ నేనూ ఈ సూది వేసుకుంటాను, నాకు తెలుసు. చెయ్యి తియ్యి."

గవర్రాజు అన్న ముఖం చూశాడు. హైమ ముఖం చూశాడు. చేతులు దించేశాడు.

ఎవరో లడ్డూలు పట్టుకొచ్చారు. "లడ్డూ వద్దు, నెయ్యి ఉంటే తొందరగా ఒంటికి పట్టదు. నీళ్ళు కావాలి" అంది హైమ. పెళ్ళికొడుకే తెర తప్పించుకుని వచ్చి నీళ్ళ గ్లాసు అందించాడు.

"తాతా, నా మాట వినబడుతోందా? ఒక్క గుక్క మింగు." తాత మింగాడు. మింగాడు కాబట్టే చక్కెర నీళ్ళు పట్టించింది. ఇది గట్టిగా గుర్తు పెట్టుకో చిట్టీ. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యకూడదు, ఊపిరికి అడ్డం పడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యాలి.

భద్రావతి అప్పటికే తన కొంగులోని మూట విప్పి కూతురి నడుం దగ్గర దోపింది. "నీది ఖాళీ అయింది కదే" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పావుగంట చూశారు. తాత ఇంకా తేరుకోలేదు. మళ్ళీ చక్కెర నీళ్ళు పట్టించారు. ఆ పావుగంట గవర్రాజుకు ఎంత పొడుగ్గా ఉందో నేను చెప్పలేను. అప్పుడు కోటిలింగం తేరుకుని చుట్టూ చూసి, "అయ్యో, పాట ఎందుకాగింది?" అన్నాడు. గవర్రాజు డోలు మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ముహూర్తం మించిపోలేదు. హైమ వెళ్ళి మళ్ళీ పీటల మీద కూర్చుంది. ఒక్క డోలు మోతతోనే వాళ్ళు జీలకర్రా బెల్లం పెట్టుకున్నారు. సన్నాయి తాత అప్పుడు విస్తరి ముందు కూర్చుని అన్నం తింటున్నాడు. ఆ పెళ్ళిలో మొదటి విస్తరి ఆయనదే.

సాయంత్రం గవర్రాజు వచ్చి వదినకు అంతా చెప్పాడు. వెంకాయమ్మ వెళ్ళి, చక్కెర డబ్బా ఉండే ఖాళీ చోటు చూసింది. ఆ తర్వాత, "కాపాడుతున్నాననుకుని ఇంట్లో ఉన్న మందంతా పంచిపెట్టాను" అంది. మర్నాడు తనే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, "రెండో సగం మళ్ళీ చెప్పండి బాబూ, ఈసారి ఏడవను" అని అడిగింది. భర్తనూ మరిదినీ పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ చేత తిరిగి చెప్పించింది.

అప్పుడు చక్కెర డబ్బా ఇంటికి తిరిగొచ్చింది. తీపి తినడానికి కాదు, దగ్గర ఉండడానికి. వెంకాయమ్మ ఎర్రగుడ్డతో చిన్న మూట కట్టి, సన్నాయికి పీకలు వేలాడే దారానికే కట్టింది.

"అందరికీ కనబడుతుందే" అన్నాడు తాత సిగ్గుపడి.

"కనబడాలనే కట్టాను. పీక లేకుండా ఎన్నడైనా వెళ్ళావా? ఇది లేకుండానూ వెళ్ళకు. ఎవరైనా ఇదేంటని అడిగితే చెప్పు. నువ్వు చెప్పలేని వేళ వాళ్ళే నీకు విప్పి పెడతారు."

అడిగారు. తాత చెప్పాడు. పంతులుగారికి తెలిసింది, వంటవాళ్ళకు తెలిసింది, ఊరందరికీ తెలిసింది. అప్పటి నుంచి ఆ ఊరి పెళ్ళిళ్ళలో మేళానికే ముందు విస్తరి వేస్తారు. కోటిలింగం తాత చాలా ఏళ్ళు సన్నాయి ఊదాడు. ఊదినప్పుడల్లా ఆ ఎర్రమూట ఊగుతూ ఉండేది.

ఏంటమ్మా? రేపు పొట్లం సంచి లోపల పెడతావా, పైకి కడతావా అని అడుగుతున్నావా? పైకే కడతాను. టీచరమ్మకు అమ్మ చెబుతుంది. నీ పక్కన కూర్చునే పిల్లకు నువ్వే చెప్పు. నేనూ మీ అమ్మా ఇంట్లోనే ఉంటాం కదా, నీ పక్కన ఉండేది ఆ పిల్లే.

ఊఁ కొట్టావా? కొట్టావులే. ఇక కళ్ళు మూసుకో.

సన్నాయి చేరె సంచికి,
చక్కెర మూట చెంతకి,
కథ తిరిగి వెళ్ళె కంచికి,
మా చిట్టి వచ్చె మంచానికి.