వరదయ్య రుచి చూడని పులిహోర

అనగనగనగా, చాలా ఏళ్ళ కిందట, రెండు కొండల నడుమ ఇరుకులో ఒక ఊరు ఉండేది. నడిమికొండ దాని పేరు. ఒక కొండ మీద నరసింహస్వామి గుడి. గుడి వెనకాల పోటు. పోటు అంటే ఏమిటో తెలుసా తల్లీ? స్వామికి ప్రసాదాలు వండే వంటిల్లు. చూడ్డానికి మన వంటింట్లాగే ఉంటుంది. కాకపోతే అక్కడ వండింది ముందు స్వామి తినాలి. ఆ తర్వాతే మనుషులు.

ఆ పోటులో వండేవాడి పేరు వరదయ్య. అతని తాత వండాడు, నాన్న వండాడు, ఆ తర్వాత అతను వండాడు.

అక్కడి వంటకి ఒక కట్టుబాటు ఉంది. రుచి చూడకూడదు. మీ అమ్మ పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో అని అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూస్తుంది కదా, అలా చూడకూడదన్నమాట. ఎందుకు? మనిషి నోరు తగిలితే అది ఎంగిలి. ఎంగిలి స్వామికి పెట్టరు. వాసన కూడా పీల్చకూడదని వరదయ్య ముక్కుకీ నోటికీ కలిపి ఒక గుడ్డ కట్టుకునేవాడు. మరి ఉప్పెంత, కారమెంత అని ఎలా తెలిసేది? చేతికి తెలిసేది. ఇంత బియ్యానికి ఇన్ని పిడికిళ్ళు అని వాళ్ళ నాన్న చిన్నప్పుడే నేర్పాడు. పోయేముందు ఆయన కొడుకు చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు. స్వామి కంటే ముందు నువ్వు తినకు, ఇంకొకరిని తిననివ్వకు, ఈ చేత్తో వేరే ఇంటి పొయ్యి ముట్టించకు అని. వరదయ్య సరేనన్నాడు.

వరదయ్యకి భార్య లేదు. చూడమ్మ అని ఒక్కతే కూతురు. పోటు పక్కనే తాటాకు పాకలో ఉండేవాళ్ళు. స్వామికి పెట్టి, వచ్చినవాళ్ళందరికీ పంచాక, గంగాళం అడుగున ఏది మిగిలితే అదే వాళ్ళ భోజనం. చూడమ్మ గడప ఇవతల నిలబడి నాన్నకి కట్టెలు అందించేది. లోపలికి రాకూడదు, అందుకని అక్కడే నిలబడి నాన్న చేతులవంకే చూస్తూ ఉండేది.

అలా ఉండగా ఒక ఏడాది ఆ ఊరి దొరగారు గుడికొచ్చాడు. రామభద్రరాజు ఆయన పేరు. మంచి తిండి అంటే చెవి కోసుకుంటాడు. ఆ రోజు చక్కెరపొంగలి. దొరగారు దొన్నె ఖాళీ చేసి, వేళ్ళు నాకి, ఇంకో దొన్నె అడిగి, అదీ ఖాళీ చేశాడు.

అప్పుడు వరదయ్యని పిలిపించాడు. మా ఇంటికొచ్చి వండండి వరదయ్యగారూ అన్నాడు. గారూ అన్నాడు చూడు, అప్పటికింకా గౌరవం ఉంది. పెంకుటిల్లు ఇస్తానన్నాడు. పాడిగేదెని ఇస్తానన్నాడు. పిల్లకి ఏడాదికి రెండు పరికిణీలు కుట్టిస్తానన్నాడు.

వరదయ్య చేతులు కట్టుకుని, ఈ చెయ్యి స్వామికి ఇచ్చేసిన చెయ్యి దొరగారూ, నాది కాదు, మీకెలా ఇవ్వను అన్నాడు.

ఆ మధ్యాహ్నం చూడమ్మ అడిగింది, పెంకుటిల్లయితే వాన కారదా నాన్నా అని. కారదమ్మా అన్నాడు వరదయ్య.  అప్పటికి ఆ పిల్లకి పదేళ్ళు.

ఆ తర్వాత రెండేళ్ళకి దొరగారే గుడికి ధర్మకర్త అయ్యాడు. ధర్మకర్త అంటే గుడి బాగోగులు చూసుకునే పెద్దమనిషి. పోటుకి బియ్యం, బెల్లం ఆయన చేతిమీదుగానే రావాలిప్పుడు. ఆయన ఈసారి చిన్న కోరికే కోరాడు. నైవేద్యం అయ్యి, మంత్రాలు అయ్యి, కొండ దిగి ఇంటికి వచ్చేసరికి ప్రసాదం చల్లారిపోతోంది, పొయ్యి మీద నుంచి దించగానే వేడివేడిగా ఒక్క గరిటె నాకు పంపు, మిగతా గంగాళమంతా మీ స్వామికే పెట్టుకో అన్నాడు.

గుడి అర్చకులు శేషాచార్యులుగారు కూడా వచ్చి నచ్చజెప్పారు. నైవేద్యమప్పుడు తెర వేసి ఉంటుంది కదా వరదయ్యా, ఎవరు చూస్తారు అన్నారు.

"తెర మనకి ఆచార్యులుగారూ, ఆయనకి కాదు," అన్నాడు వరదయ్య.

దొరగారికి ఆ మాట చేరింది. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. ఆ తర్వాత నుంచి పోటుకి బియ్యం సగమే వచ్చేది. బెల్లం నల్లగా, ఇసకతో వచ్చేది. స్వామికి తక్కువ చెయ్యలేదు వరదయ్య. వచ్చిన భక్తులకి తక్కువ చెయ్యలేదు. మరి తక్కువ ఎవరికి పడింది? లెక్క నువ్వే చెప్పు. గంగాళం అడుగు తినేవాళ్ళకి. చూడమ్మ గరిటె తిరగేసి గంగాళం గీకడం నేర్చుకుంది. కొన్నాళ్ళకి గీకినా ఏమీ వచ్చేది కాదు. అప్పుడు గంగాళం కడిగిన నీళ్ళు తాగి పడుకునేది.

కొండ కింద ఆడవాళ్ళు చూసి ఊరుకున్నారా? ఊరుకోలేదు. మీ నాన్న దేవుడికి మేనత్త కొడుకటే, అంత బెట్టు చేస్తున్నాడు అని ఆ పిల్లనే ఆడిపోసుకున్నారు. చూడమ్మ ఆ మాటలు నాన్నకి చెప్పలేదు. ఒక్కొక్కటే లోపల దాచుకుంది.

ఆ తర్వాత స్వామివారి కల్యాణం వచ్చింది. చూడమ్మకి పద్నాలుగో ఏడు. దొరగారి చుట్టాలు పాతికమంది బళ్ళు కట్టుకుని వచ్చారు. దొరగారు పోటు దాకా వచ్చి చెప్పాడు. ఈరోజు పులిహోర వండు, నా పరువు నీ చేతిలో ఉంది, బాగా కుదిరితే నీ బియ్యం నీకు మునుపటిలా వస్తుంది, చెడిందో, బయట వేరే వంటవాణ్ణి కూర్చోబెట్టే వచ్చాను అన్నాడు.

అప్పటికి వరదయ్య తిండి తిని రెండు రోజులు. ఒళ్ళు కాస్త వెచ్చగా కూడా ఉంది. అయినా తలారా స్నానం చేసి, తడిబట్టతో పొయ్యి ముట్టించాడు. గుడ్డ కట్టుకున్నాడు. చింతపండు పులుసు కుతకుతా ఉడుకుతోంది. పసుపు వేశాడు. పచ్చిమిరపకాయలు వేశాడు. ఉప్పు జాడీ మూత తీశాడు. అంతలో శేషాచార్యులుగారు గుమ్మంలోకి వచ్చి, వరదయ్యా, ముహూర్తం దగ్గర పడింది, చుట్టాలు అప్పుడే ఆకులు ఎప్పుడేస్తారని అడుగుతున్నారు, త్వరగా కానీ అని నాలుగు మాటలు చెప్పి వెళ్ళారు.

వరదయ్య ఇటు తిరిగాడు. జాడీ మూత ఒక చేతిలో ఉంది. రెండో చెయ్యి తడిగా ఉంది.

ఉప్పు వేశాడా? వెయ్యలేదా?

గుర్తు రాలేదు తల్లీ. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. ఆకలికి తల తిరుగుతోందో, జ్వరమో, ఆచార్యులుగారి తొందరో, ఆ ఒక్క క్షణం మనసులోంచి జారిపోయింది. ఇంకొకరైతే ఏం చేస్తారు? చిటికెన వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటారు. తెలిసిపోతుంది. మళ్ళీ మొదటినుంచి వండుదామంటే చింతపండు లేదు, టైమూ లేదు. ఉప్పు లేకుండా పెట్టేద్దామా అనుకున్నాడు. చప్పిడి తిండి రోగికి పెడతారు గానీ స్వామికి, అదీ కల్యాణం నాడు, ఎలా పెట్టడం?

గడప ఇవతల నుంచి చూడమ్మ పిలిచింది.

"ఒక్క చుక్క నాలిక మీద వేసుకో నాన్నా. నేను చూడను. అటు తిరిగి నిలబడతాను."

అని నిజంగానే అటు తిరిగింది. సన్నటి వీపు. రవిక వెనకాల చిరుగు. వరదయ్యకి ఆ చిరుగు కనిపించింది. రెండు రోజుల ఆకలి కనిపించింది. కారుతున్న పాక కనిపించింది. అప్పుడు ఒక చెయ్యి మూతి గుడ్డ ముడి మీదికి వెళ్ళింది. ముడి సగం ఊడింది. గరిటె అంచున పులుసు చుక్క ఒకటి ఉంది. గరిటె గడ్డం దాకా వచ్చింది.

అక్కడ ఆగాడు.

 ఆ తర్వాత గరిటె దించాడు. ముడి మళ్ళీ బిగించాడు. స్వామీ, నువ్వే చూసుకో అనుకుని, కొలత ప్రకారం పిడికిళ్ళతో ఉప్పు తీసి పులుసులో వేశాడు.

నైవేద్యం అయింది. గంట మోగింది. తెర తీశారు. పంక్తి కూర్చున్నారు. దొరగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఆకు పక్కన ఉమ్మేశాడు. ఆ తర్వాత చుట్టాలు. ఆ తర్వాత ఊరి పెద్దలు. పంక్తి పొడుగునా ఒకరి తర్వాత ఒకరు ఉమ్మారు. ఉప్పు! వట్టి ఉప్పు! దొరగారి బావమరిది పెద్దగా నవ్వి, మీ స్వామికి సముద్రం కుడిపించారా బావా అన్నాడు. పంక్తి అంతా నవ్వింది.

దొరగారు మాత్రం నవ్వలేదు. వరదయ్యని ఎదురుగా నిలబెట్టాడు.

"నోట్లో వేసుకుని చూసి ఉంటే ఇంత జరిగేదా వరదయ్యా?"

"జరిగేది కాదు దొరగారూ."

"మరి చూడలేదేం?"

"ముందు తినవలసింది నేను కాదు కదండీ."

అప్పుడు దొరగారు పోటు తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. వరదయ్య మొలలోంచి తీసి ఇచ్చాడు. శేషాచార్యులుగారు తల వంచుకుని ఆకువంక చూస్తూ ఉండిపోయారు. ఊళ్ళో ఇరవై ఏళ్ళు అతని చేతి ప్రసాదం తిన్నవాళ్ళు అంతమంది ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు, పాపం జ్వరంతో ఉన్నాడు కదా అనలేదు.

కొత్త వంటవాడు పోటులోకి వచ్చాడు. గుడ్డ కట్టుకోలేదు. మూడుసార్లు చప్పరించి, తల ఊపుకుంటూ వండాడు. మొదటి గరిటె దొరగారింటికి వెళ్ళింది. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. మరి స్వామి ఏం చేశాడు అమ్మమ్మా అంటావు. ఉరిమాడా? స్తంభం బద్దలు కొట్టుకుని వచ్చాడా? లేదు తల్లీ. తెర తీస్తే ఎప్పటిలాగే ఉన్నాడు. నీకు అబద్ధం చెప్పను, ఏమీ చెయ్యలేదు.

వరదయ్య, చూడమ్మ మర్నాడు పొద్దున్నే పాక వదిలేసి రెండో కొండవైపు నడిచారు. ఆవలి ఊళ్ళో కూలిపనైనా దొరక్కపోతుందా అని. దారిలో ఒక గొల్లావిడ జాలిపడి పిడికెడు నూకలు కొంగులోంచి తీసి ఇచ్చింది. వాగు పక్కన మూడు రాళ్ళు పెట్టి వరదయ్య నిప్పు రాజేశాడు.

నీళ్ళు మరుగుతుండగా చూడమ్మ తల ఎత్తకుండా అడిగింది, నీకు నిజంగా గుర్తు లేదా నాన్నా అని. ఏమిటమ్మా అన్నాడు.

"నువ్వు ఉప్పు వేశావు. ఆచార్యులుగారు మాట్లాడుతున్నప్పుడే వేశావు. నేను చూశాను."

వరదయ్య పుల్ల ఎగదోస్తున్నవాడు ఆగిపోయాడు.

చూడమ్మ అప్పుడు అంతా చెప్పేసింది. ఏడవకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఒక్క మాట నేను చెబితే సరిపోయేది, కావాలనే చెప్పలేదు, నువ్వు ఒక్కసారి రుచి చూస్తే నీ మాట చెడిపోయేది, చెడిపోయాక ఇంక కాపాడుకోవడానికి ఏం మిగులుతుంది, దొరగారింటికి వెళ్ళి పెంకుటింట్లో ఇంత తిని పడుకునేవాళ్ళం అనుకున్నాను అంది. ఇంకో మాట కూడా అంది.

"ఒక్కసారైనా ఆయన కంటే నేను ముందొస్తానేమో అనుకున్నాను నాన్నా."

వరదయ్య ఆగిన పుల్లని మళ్ళీ పొయ్యిలోకి ఎగదోశాడు.    

అప్పుడు మూతికి గుడ్డ కట్టుకున్నాడు. నూకలు కలియబెట్టాడు. ఉప్పు వెయ్యలేదు, వాళ్ళ దగ్గర లేదు. దించాడు. గుడి లేదు, తెర లేదు, గంట లేదు. కళ్ళు మూసుకుని, ఎప్పుడూ ఎంతసేపు ఆగుతాడో అంతసేపూ ఆగాడు. ఆ తర్వాత మోదుగాకులో కూతురికి పెట్టాడు. ఆమె తిన్నాక మిగిలింది తను తిన్నాడు. ఎక్కువ ఆమెకే పెట్టాడులే.

మరి నాన్న కూతుర్ని క్షమించాడా అంటే, తిట్టలేదు, కొట్టలేదు, ఆ ఊసే మళ్ళీ ఎత్తలేదు. ఆవలి ఊళ్ళో రాళ్ళు మోసి దాన్ని పెంచాడు, ఉన్నంతలో పెళ్ళి చేశాడు. కానీ ఆ రోజు మొదలు, బతికి ఉన్నన్నాళ్ళూ, తను వండేటప్పుడు చూడమ్మని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

ముందు ముద్ద కొండమీది సామికి,
ఉప్పు ముద్ద ఊరుకున్న నోటికి,
కథేమో కాలినడకన కంచికి,
మనమేమో కళ్ళు మూసి మంచానికి.