నేరేడు రంగు పట్టుపంచె

శ్రావణ బహుళ తదియ, బుధవారం. నాలుగు రోజులుగా పట్టిన ముసురు ఆ ఉదయమూ విడవలేదు. కథకు తిథీ వారమూ ఎందుకంటారేమో. ఆ ముసురే లేకపోతే తీర్పు వేరుగా ఉండేది, అందుకని ముందే చెప్పి పెడుతున్నాను.

కుందవరమనే చిన్న రాజ్యాన్ని అప్పట్లో కందర్ప భూపాలుడు ఏలేవాడు. చెడ్డవాడు కాడు. కరువొస్తే గాదెలు తెరిపించేవాడు. కాని మనిషి విలువ కట్టిన బట్టలోనే తెలిసిపోతుందని ఆయన గట్టి నమ్మకం. పట్టు కట్టినవాడికి సభలో ఆసనం. నూలు కట్టినవాడికి వసారా. చింకిబట్టవాడికి బయట చూరు కింద చోటు, అదీ చూరు కారని వైపు దొరికితే.

ఇక్కడ చాకళ్ల సంగతి ఒకటి చెప్పాలి. వెనకటికి పెళ్లికో పేరంటానికో మంచి బట్ట లేనివాళ్లు చాకలిని బతిమాలి ఒకటి తెచ్చుకుని కట్టుకునేవారు. ఆ బట్ట అసలు యజమానికి రెండు రోజులు ఆలస్యంగా చేరేది. ఎవరిది ఎవరిదో కలిసిపోకుండా కొసన జీడిగింజ రసంతో ఇంటికో గుర్తు పెట్టేవారు. బట్ట చిరిగినా ఆ మచ్చ పోదు. పెళ్లికొడుకు పంచె కొస తిప్పి చూసే వియ్యపురాళ్లుండేవారు, వాళ్ల కథలు చెబితే ఇవాళ తెమలదు.

ఆ ఉదయం రాజుగారు "నా నేరేడు రంగు పట్టుపంచె ఏదిరా?" అని కేకేశారు.

"ముసురు గదా ప్రభూ! ఇంకా ఆరలేదని చాకలి ముత్యాలు కబురంపాడు" అన్నాడు పరిచారకుడు.

రాజుగారు సణుగుతూ ఇంకో పంచె కట్టుకున్నారు. పక్కనే ఉన్న బాచన ఈ మాట విన్నాడు. ఈ బాచన ఆస్థానంలో చమత్కారి. రాజుగారికి ఎదురుచెప్పి బతికి బట్టకట్టినవాడు ఆయనొక్కడే.

సభ తీరింది. ఆకుతోట పోలినాయుడు కాలం చేశాడు, అతని తమలపాకుల తోట ఎవరికి చెందాలన్నది తగువు. ఒకవైపు అతని తమ్ముడి కొడుకు వల్లభుడు, నేరేడు రంగు పట్టుపంచెలో మెరిసిపోతున్నాడు. రెండోవైపు పోలినాయుడి కోడలు గంగసాని. పెనిమిటి పోయాక తోటనూ మామనూ కనిపెట్టుకుని ఉన్నది ఆమే. మోకాళ్లదాకా బురద, ముతక చీర. ఆమెను గుమ్మం బయటే ఆపేశారు.

రాజుగారు వల్లభుణ్ణి ఎగాదిగా చూశారు. "ఆహా, ఏమి వర్చస్సు! నిన్నెక్కడో చూసినట్టుందయ్యా. గొప్ప వంశాల పోలికలు ఇలాగే ఉంటాయి. ఇక విచారణ ఎందుకు? తోట..."

"ప్రభూ, ఒక్క మనవి" అని బాచన లేచాడు. "నా మాటల్లో ఎవరి గుట్టు బయటపడినా వాళ్లకు అభయం కావాలి."

"ఇచ్చాం. చెప్పు."

"తమరు తోట ఇస్తున్నది ఈ మనిషికా, ఈ పంచెకా?"

"పంచెను బట్టి మనిషికి."

"అయితే పంచె ఎవరిదో తేలితే తోట ఎవరిదో తేలినట్టే. ఏమయ్యా వల్లభా, కొస తిప్పు."

వల్లభుడు పంచె కొసను వెనక్కి దాచుకోబోయాడు. తిప్పక తప్పింది కాదు. కొసన చేప ఆకారంలో జీడిమచ్చ. బాచన రాజుగారి పంచె కొస చూపించాడు. అక్కడా అదే చేప.

"నా పంచె!" అన్నారు రాజుగారు.

"మరి తోట తమదే ప్రభూ. ఎక్కడో చూసినట్టుందని తమరు సరిగ్గానే పోల్చారు, ముఖాన్ని కాదు గాని."

ఎవరో కిసుక్కున నవ్వారు. బాచన అటు తిరిగి, "నవ్విన పెద్దలు కూడా ఒకసారి కొసలు తిప్పితే..." అన్నాడు. అంతే! పట్టు కట్టిన సభాసదుల్లో సగంమంది తమ పంచె కొసలను పిడికిట బిగించుకుని తలలు దించుకున్నారు.

వల్లభుడు సాగిలపడ్డాడు. "తప్పయిపోయింది ప్రభూ! నాకున్నది చింకిపంచె ఒక్కటే. అది కట్టుకొస్తే గుమ్మం దాటనివ్వరని ముత్యాలు కాళ్లు పట్టుకున్నాను."

రాజుగారు గుమ్మం వైపు చూశారు. ఆ గుమ్మం నియమం తనదే కదా! వెంటనే గంగసానిని లోపలికి పిలిపించారు. "అమ్మా, నీ మాట మేం వినలేదు. చెప్పు."

"చెప్పడానికేముంది దొరా! తీర్పు రేపు చెప్పినా వస్తాను. ఇప్పుడు మాత్రం నన్ను పంపించెయ్యండి. ఈ ముసురుకి తీగల మొదట్లో నీళ్లు నిలిచాయి. సగం కాలువ తీసి ఇటొచ్చాను. మిగతాది తీయకపోతే పొద్దుగూకేసరికి వేళ్లు కుళ్లిపోతాయి. తోట ఎవరిదైనా తీగలేం పాపం చేశాయి?"

రాజుగారు వల్లభుడి వైపు చూశారు.

"నాకు ఈ కాలువ సంగతే తెలియదు ప్రభూ" అన్నాడు వల్లభుడు నెమ్మదిగా. "తోట మొహం చూసి ఏళ్లయింది. వదినా, పద, నేనూ వస్తాను. పార ఇంకోటి ఉందా?"

"ఉంది గాని మరిదీ, ఆ పంచె మోకాలి పైకి ఎగ్గట్టు. రాజుగారిదట!"

కందర్ప భూపాలుడు ఇక ఆగలేక పకపకా నవ్వారు. కళ్లు తుడుచుకుని, గుమ్మం దగ్గర బట్టలు చూసే నియమం ఆ పూటే ఎత్తేశారు. తన భుజం మీది జరీశాలువా తీసి బాచనకు కప్పబోయారు.

"శాలువా వద్దు ప్రభూ! దానికీ చేప మచ్చ ఉంటుంది. రేపు ఎవరైనా నన్ను చూసి తమరనుకుంటే రాజ్యం నా నెత్తిన పడుతుంది" అన్నాడు బాచన.

చివరకు ఎవరికేం దక్కిందంటే, ఆకుతోట గంగసానికి. తోట పక్కనున్న మెట్ట చెలక వల్లభుడికి, కట్టుకున్న పంచె కూడా అతనికే. శాలువాకు బదులు బంగారు కంకణం బాచనకు, దాన్ని మాత్రం ఆయన కాదనలేదు. ముత్యాలుకి అభయం. రాజుగారికి ఏమీ దక్కలేదు. వల్లభుడు బురదైన పంచె తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకోవయ్యా, ముసురు గదా, ఇంకా ఆరలేదనుకుంటాను" అన్నారట.