రెండో మంట

ఆచార్య దైవసహాయం గారిని ఏదైనా అడిగితే ముందు స్టవ్ వెలిగించమంటారు. టీ కోసమనుకుని సంబరపడ్డ శిష్యులు చాలామందే ఉన్నారు. ఆయన దగ్గర సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్న నీలవేణికి మాత్రం ఆ రోజు టీ ఇచ్చినా గొంతు దిగేది కాదు.

అంగన్‌వాడీ పిల్లలకు వెళ్ళే ఒక పాలపొడిలో, కాచినా చావని బీజాణువులున్నాయని ఆమె తన సిద్ధాంత వ్యాసంలో రాసింది. బీజాణువంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే బాక్టీరియా. ఆ అధ్యాయం తీసెయ్యకపోతే కోర్టుకీడుస్తామని కంపెనీవాళ్ళు బెదిరించారు. ఏం చేసుకుంటారో చేసుకోండి పొమ్మంది. ఇప్పుడు వాళ్ళే నవ్వుతూ వచ్చి, అధ్యాయం తీసేస్తే తమ ల్యాబులో పెద్ద ఉద్యోగం ఇస్తామంటున్నారు.

"తిట్టినప్పుడు నిలబడ్డాను మాస్టారూ. మంచిగా మాట్లాడుతుంటే మెత్తబడిపోతున్నాను. మొండితనం నా రక్తంలో లేదేమో. అది పుట్టుకతో రావాలా?"

ఆయన, ఆమె పాలపొడిలో పట్టుకున్న బీజాణువుల్నే, ఒకే తల్లి సంతానాన్ని, పోషక రసమున్న సీసాల్లో కలిపించి మరిగించమన్నారు. తరవాత గోరువెచ్చటి అరలో పెట్టించారు. మర్నాడు మళ్ళీ మరిగించమన్నారు, ఆ మర్నాడు మళ్ళీ. ఇది నీలవేణికి తెలియని విద్యేమీ కాదు. మొదటి మంట బీజాణువుని చంపలేదు సరికదా, తట్టి లేపుతుంది. వెచ్చదనం, తిండి దొరకగానే అది గండం గడిచిందనుకుని పెంకు విడుస్తుంది. అప్పుడు రెండో మంటకి చస్తుంది. దాన్ని నిజంగా చంపేది మధ్యలో జరిగిన మర్యాదే. ఆ మాట తోచగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది, కంపెనీవాళ్ళ మీద కన్నా తన మీదే ఎక్కువ.

మూడో మంట తరవాత సీసాలన్నీ తేటగా ఉన్నాయి, అంటే వాటిలో ఏదీ పెరగడం లేదు. పారబోస్తానంటే ఆయన ఉండనీమన్నారు.

వారం తిరిగేసరికి ఒక సీసా మసకబారింది. ఏవో కొన్ని, అన్ని మంటల్లోనూ పెంకు విడవకుండా కూర్చుని, ఇప్పుడు తీరిగ్గా లేచాయి. నీలవేణికి ముచ్చటేసింది. ఆ వెంటనే దిగులూ వేసింది.

"ఇవి వేరు మాస్టారూ. వేడికి జన్యువులు మారిపోయి ఉంటాయి. నాలాంటి మామూలువి కావు."

"చూడు మరి," అన్నారాయన.

చూసింది. ఫ్రిజ్‌లో దాచిన తల్లి బాక్టీరియా జన్యువుల పక్కన వీటివి పెట్టి మొదటినుంచి చివరిదాకా చదివింది. ఒక్క అక్షరం తేడా లేదు. నమ్మకం కుదరక వీటి సంతానం చేత మళ్ళీ బీజాణువులు కట్టించి, అలాగే మూడు రోజులూ మరిగించి చూసింది. వాటిలోనూ చాలామటుకు రసం రుచి తగలగానే లేచాయి, లేచినవన్నీ చచ్చాయి.

ఆమె ఆయన గదికి పరిగెత్తింది. "పుట్టుకలో తేడా ఏమీ లేదు. మరి అవెందుకు లేవలేదు మాస్టారూ?"

ఆయన నోరు విప్పేలోగా ఆమె ఫోను మోగింది. కంపెనీ మేనేజరు. "ఆ అధ్యాయం తియ్యనండీ. ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోండి," అంది నీలవేణి. అవతలాయన, ఇంత మంచి అవకాశాన్ని ఎందుకు కాలదన్నుకుంటున్నావో కారణం చెప్పమ్మా అని పట్టుబట్టాడు. ఆమె ఫోనుకి చెయ్యడ్డం పెట్టి గురువుగారి వైపు చూసింది.

"లేవబుద్ధి కాలేదని చెప్పు," అన్నారాయన.